చావు లెక్క: చేతిరాత పుస్తకం నుంచి కంప్యూటరు దాకా

(10వ తరగతి విద్యార్థిని, చెన్నై)

“చావు కబురు చల్లగా చెప్పాడు” అని మన పెద్దవాళ్లు ఒక మాట అంటుంటారు. వెంటనే చెప్పాల్సిన సంగతిని ఏమీ పట్టనట్టు తీరిగ్గా చెప్పేవాళ్ల గురించి ఆ సామెత. చావు కబురు చుట్టపక్కాలకు ఎంత త్వరగా చేరవేయాలో మనందరికీ తెలుసు. కాని అదే కబురు ప్రభుత్వానికి కూడా చెప్పాలనీ, దానికి చట్టంలో 21 రోజుల గడువు ఉందనీ మా క్లాసులో చాలామందికి తెలియదు. నాకూ ఈ సంవత్సరం దాకా తెలియదు.

సాంఘిక శాస్త్రం ప్రాజెక్టుకు “మన నగరంలో మారిన ఒక పద్ధతి” గురించి రాయమన్నారు. మా స్నేహితురాళ్లు ట్రాము బండి, మెట్రో రైలు, మంచినీళ్ల చెరువులు తీసుకున్నారు. నేను మరణాల నమోదు తీసుకున్నాను. “ఇదేం విషయమే, పండగ పూట!” అని మా అవ్వ కోప్పడింది. నా ఆలోచన ఏమిటంటే, చరిత్ర పుస్తకంలో రాజులు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో మనం బట్టీ పడతాం. మరి మామూలు మనుషుల తేదీలు ఎక్కడుంటాయి? వాటిని ఎవరు రాశారు? కాగితం మీద రాసింది కంప్యూటరులోకి ఎలా వెళ్లింది? వెళ్లినందువల్ల ఏం బాగుపడింది, ఏం బాగుపడలేదు? ఈ ప్రశ్నలకు నాకు దొరికిన జవాబులే ఈ వ్యాసం.

లెక్క రాయడం ఎలా మొదలైంది

చనిపోయినవాళ్లను ఒక నగరం వరసగా లెక్కపెట్టడం అనగానే చరిత్రకారులు ముందు లండన్ పేరే చెప్తారు. అక్కడ ప్లేగు వచ్చిన రోజుల్లో ఏ పేటలో ఎంతమంది పోయారో వారం వారం పట్టీలు అచ్చువేసేవారు. చర్చి గుమాస్తాలు లెక్కలు పంపేవారు. చనిపోయిన మనిషిని చూసి కారణం చెప్పడానికి డాక్టర్లు కాదు, పేద ముసలమ్మలు వెళ్లేవారు. 1662లో జాన్ గ్రాంట్ అనే బట్టల వ్యాపారి ఆ పట్టీలన్నీ కూర్చి ఒక పుస్తకం రాశాడు. ఏ వయసులో ఎక్కువమంది పోతున్నారు, ఏ జబ్బు ఎప్పుడూ ఉంటుంది, ఏది వచ్చి పోతుంది అని ఆ లెక్కల నుంచే చెప్పాడు. తరువాత 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు మరణాల రిజిస్టరు నుంచి పేర్లు, చిరునామాలు తీసుకుని ఇంటింటికీ తిరిగాడు. చావుల్లో చాలావరకు ఒకే చేతిపంపు చుట్టూ ఉన్నాయని కనిపెట్టాడు. చనిపోయినవాళ్ల చిట్టా బతికున్నవాళ్లను కాపాడుతుందని దీనివల్ల తెలిసింది.

మన చెన్నైలో చాలా పాత మరణాల పుస్తకాలు సెయింట్ జార్జ్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చివి. ఆ చర్చి 1680లో మొదలైంది. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, సమాధులు అన్నీ అక్కడ పుస్తకాల్లో రాసేవారు. అయితే అవి కోటలో ఉన్న తెల్లవాళ్ల లెక్కలు. కోట బయట బట్ట నేసేవాళ్లు, పడవ నడిపేవాళ్లు, బరువులు మోసేవాళ్లు ఉండేవారు. వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. మద్రాసు కార్పొరేషన్ 1688లోనే ఏర్పడినా ఈ మామూలు జనం చావుపుట్టుకలను చట్టం ప్రకారం రాయడానికి చాలా కాలం పట్టింది.

ధాత కరువు చెప్పిన పాఠం

లెక్క లేకపోతే ఏమవుతుందో 1876-78 కరువులో బయటపడింది. రాయలసీమలో పెద్దవాళ్లు దాన్ని ధాత కరువు అంటారు, అది ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు ప్రాంతాలు బాగా దెబ్బతిన్నాయి. తిండి లేక జనం ఊళ్లు విడిచి మద్రాసు దాకా నడిచి వచ్చారు.

ఆ రోజుల్లో పల్లెల్లో చావుపుట్టుకలు రాయాల్సింది గ్రామాధికారులే. మామూలు రోజుల్లో అది జరిగేది. కాని కరువులో ఊరు ఊరంతా కదిలిపోతే ఎవరి చావు ఎవరు రాయాలి? దారిలో పడిపోయిన మనిషి ఏ ఊరి మనిషో ఎవరికీ తెలియదు. తన ఊరి పుస్తకంలో అతను బతికే ఉంటాడు. పడిపోయిన ఊరి పుస్తకంలో అతని పేరే ఉండదు. అప్పుడు మద్రాసు రాష్ట్రానికి శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ కరువు పనుల్లో కూలీలకు ఇచ్చే తిండి ప్రాణం నిలపడానికి చాలదని ప్రభుత్వంతో వాదించాడు. ఆ తిండిని రోజుకు ఒక పౌను ధాన్యానికి తగ్గించినది సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి. ఇలాంటి వాదనలో చావుల లెక్కే సాక్ష్యం. ఆ లెక్కే సరిగా లేకపోతే చనిపోయినవాళ్ల తరఫున మాట్లాడేది ఎవరు? నేను ఈ భాగం చదివినప్పుడు రిజిస్టరు అంటే ఆఫీసు పని కాదు, అది కూడా ఒక సాక్షి అనిపించింది.

కాగితం కాలం

1899లో మద్రాసు రాష్ట్రానికి జనన మరణాల నమోదు చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత దేశమంతటికీ ఒకే చట్టం కావాలని 1969లో జనన మరణాల నమోదు చట్టం చేశారు. 1970 ఏప్రిల్ 1 నుంచి చాలా రాష్ట్రాల్లో అది అమలులోకి వచ్చింది. ఇప్పటికీ మూలం అదే.

ఆ చట్టంలో ఎవరు చెప్పాలో స్పష్టంగా ఉంది. ఇంట్లో చనిపోతే ఇంటి పెద్ద చెప్పాలి. ఆస్పత్రిలో అయితే ఆస్పత్రి అధికారి, జైల్లో అయితే జైలరు, లాడ్జిలో అయితే లాడ్జి నడిపేవారు చెప్పాలి. దిక్కులేకుండా రోడ్డు మీద కనిపించిన శవం గురించి పోలీసు అధికారి చెప్పాలి. శ్మశానం చూసుకునేవారికి కూడా తెలియజేసే బాధ్యత ఉంది. అంటే ఏ మనిషీ లెక్కలోకి రాకుండా పోకూడదని చట్టం కోరుకుంది. ధాత కరువులో దారిలో పడిపోయినవాళ్లకు లేని చోటు ఈ చట్టం ఇచ్చింది.

కాగితం రోజుల్లో పని ఇలా జరిగేది. మరణ నివేదిక ఫారం నింపి ఇస్తారు. రిజిస్ట్రారు దాన్ని చూసి పెద్ద పుస్తకంలో వరస నంబరు వేసి చేత్తో రాస్తాడు. సర్టిఫికెట్ కావాలంటే మళ్లీ ఆ పుస్తకం తీసి, ఆ పేజీ వెతికి, చూసి రాసి, సంతకం చేసి, సీలు వేసి ఇస్తాడు. 2000 సంవత్సరం నుంచి దీన్ని కొంచెం మార్చారు. ఫారాన్ని రెండు భాగాలు చేశారు. ఒకటి చట్టానికి సంబంధించిన భాగం, రెండోది గణాంకాల భాగం. మొదటి భాగాలన్నీ కలిపి బైండు చేస్తే అదే రిజిస్టరు. రెండో భాగం లెక్కలు కట్టేవాళ్లకు వెళ్తుంది. ఒకే వివరం రెండుసార్లు రాసే పని తప్పింది.

నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. రిజిస్టరులో తప్పు పడితే దాన్ని కొట్టేయకూడదు, చెరపకూడదు. పాత రాతను అలాగే ఉంచి, పక్కన ఖాళీలో సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో పుస్తకమే చెప్తుంది. మేం నోటు పుస్తకంలో తప్పును వైట్నర్‌తో కప్పేస్తాం. రిజిస్టరుకు ఆ వీలు లేదు.

ఇంకొక నియమం కూడా చెప్పాలి. చనిపోవడానికి కారణం రిజిస్టరు కోసం అడుగుతారు కాని, కుటుంబానికి ఇచ్చే సర్టిఫికెట్ మీద అది వేయరు. జబ్బు పేరు బ్యాంకువాళ్లకు, అందరికీ తెలియాల్సిన అవసరం లేదు కదా. ఆ మనిషి మర్యాద చనిపోయాక కూడా కాపాడాలని చట్టం అనుకుంది.

కాని కాగితానికి కష్టాలు చాలా ఉన్నాయి. పేజీలు పెళుసెక్కుతాయి, చెదలు పడతాయి. పుస్తకం ఒక్కటే కాబట్టి ఆ ఆఫీసుకే వెళ్లాలి. సరిగ్గా తేదీ తెలియకపోతే ఎన్ని పేజీలైనా తిప్పాల్సిందే. 2015 డిసెంబరు వరదల్లో చెన్నైలో ఎన్నో ఇళ్లలో బీరువాలతో పాటు సర్టిఫికెట్లు కూడా తడిసిపోయాయి. పోయిన పత్రాలు మళ్లీ ఇవ్వడానికి ప్రభుత్వం ప్రత్యేక శిబిరాలు పెట్టింది. మా అమ్మ ఇప్పటికీ ముఖ్యమైన కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టి పై అలమరలోనే పెడుతుంది.

కంప్యూటరు మెట్టు మెట్టుగా వచ్చింది

కాగితం ఒక్క రోజులో పోలేదు. ముందు పుస్తకంలో రాసిందాన్ని చూసి కంప్యూటరులో ఎక్కించేవారు. అప్పుడు అసలు రిజిస్టరు పుస్తకమే, కంప్యూటరు దాని నకలు. సర్టిఫికెట్ మాత్రం చేత్తో రాయకుండా ప్రింటు తీసి ఇచ్చేవారు. తరువాత చెన్నై కార్పొరేషన్ వెబ్‌సైటులో జనన మరణ సర్టిఫికెట్లు వెతుక్కుని, డబ్బు కట్టకుండా దించుకునే వీలు వచ్చింది. ఆ పైన ఆస్పత్రులే నేరుగా వివరాలు ఎక్కించడం, రిజిస్ట్రారు తెర మీదే చూసి ఆమోదించడం వచ్చాయి. సిరా సంతకం పోయి డిజిటల్ సంతకం వచ్చింది. సర్టిఫికెట్ మీద ఒక చతురస్రపు కోడ్ ఉంటుంది, ఫోనుతో చూస్తే అది నిజమైనదో కాదో తెలుస్తుంది.

2023లో 1969 చట్టాన్ని సవరించారు. ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి సవరణ అమలులో ఉంది. దాని ప్రకారం నమోదు, సర్టిఫికెట్ రెండూ ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరగవచ్చు. రాష్ట్రాల వివరాలు జాతీయ డేటాబేసులోకి చేరతాయి. ఆస్పత్రి మరణ కారణం ధ్రువపత్రాన్ని రిజిస్ట్రారుకు పంపి, దాని నకలు దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలి.

దీనివల్ల మేలు నిజంగా ఉంది. ఇంట్లో మనిషి పోయిన బాధలో ఉన్నవాళ్లకు ఆ సర్టిఫికెట్ ఎన్ని చోట్ల కావాలో చూడండి. బ్యాంకు ఖాతాకు, ఇన్సూరెన్సుకు, కుటుంబ పెన్షనుకు, కరెంటు మీటరు పేరు మార్చడానికి, రేషన్ కార్డులో పేరు తీయించడానికి, తహసీల్దారు దగ్గర వారసత్వ పత్రానికి (మన చెన్నైలో అందరూ వారిసు సర్టిఫికెట్టు అంటారు) దాన్నే అడుగుతారు. ఒక్కొక్క కాపీకి సెలవు పెట్టి ఆఫీసుకు వెళ్లే కూలీ మనిషికి ఒక్కో రోజు కూలి పోయేది. ఇప్పుడు వీధి చివర ఇంటర్నెట్ సెంటరులో ప్రింటు తీసుకుంటే సరిపోతుంది. చెన్నై కార్పొరేషన్‌లో 2011 నుంచి 200 వార్డులున్నాయి. ఇంత పెద్ద ఊరిలో ఇది చిన్న సంగతి కాదు.

2020లో ఏం జరిగింది

నా ప్రాజెక్టులో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది. 2020లో కరోనా వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. ప్రతి సాయంత్రం టీవీలో ఆ రోజు ఎంతమంది పోయారో చెప్పేవారు. ఆ సంఖ్య ఎక్కడి నుంచి వస్తుందో అప్పుడు నాకు తెలియదు.

ఆ రోజుల్లో చెన్నైలో రెండు లెక్కలు ఉండేవి. ఒకటి రాష్ట్ర ఆరోగ్య శాఖ ప్రతి రోజూ ప్రకటించేది. రెండోది కార్పొరేషన్ మరణాల రిజిస్టరు. ఈ రెండూ కలవలేదు. కార్పొరేషన్ రిజిస్టరులో కరోనా అని ఉండి, రాష్ట్ర లెక్కలోకి రాని మరణాలు రెండు వందలకు పైగా ఉన్నాయని 2020 జూన్‌లో పత్రికలు రాశాయి. ప్రభుత్వం నిపుణుల కమిటీ వేసింది. వాళ్లు ఒక్కో మరణాన్నీ పరిశీలించారు. చివరకు జూలై 22న, అంతకుముందు మార్చి, జూన్ నెలల మధ్య చెన్నైలో జరిగి లెక్కలోకి రాని 444 మరణాలను కరోనా మరణాల్లో కలిపారు.

444 అంటే ఎంతమందో ఆలోచించాను. మా క్లాసులో 37 మంది ఉన్నాం. మా క్లాసు లాంటివి 12 క్లాసులు. అంతమంది మనుషులు ఒక లెక్కలో ఉన్నారు, ఇంకో లెక్కలో లేరు. రిజిస్టరులో వాళ్ల పేరు రాసినవాళ్లు లేకపోతే, తరువాత కమిటీ ఏం చూసి కలిపేది? ధాత కరువు రోజులకు, ఈ రోజులకు తేడా ఇక్కడే కనిపించింది. అప్పుడు దారిలో పోయినవాళ్లకు పేజీయే లేదు. ఇప్పుడు పేజీ ఉంది, దాన్ని ఇంకో లెక్కతో పోల్చి చూసినవాళ్లు ఉన్నారు.

దేశం మొత్తంలో కూడా ఇదే రిజిస్టరు సాక్ష్యం చెప్పింది. 2019లో దేశంలో నమోదైన మరణాలు 76.4 లక్షలు. 2020లో 81.2 లక్షలు. 2021లో 1.02 కోట్లు. ఒక్క ఏడాదిలో 20 లక్షలకు పైగా పెరిగాయి. నమోదు మెరుగుపడినందువల్ల కొంత, జనాభా పెరిగినందువల్ల కొంత పెరిగి ఉండవచ్చు. కాని 2021 ఎలాంటి సంవత్సరమో ఆ సంఖ్య చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

కంప్యూటరుకు తెలియనివి

ఇక్కడిదాకా చదివినవాళ్లు కంప్యూటరు వచ్చింది కాబట్టి అంతా సరి అనుకోవచ్చు. కాని కంప్యూటరు మనం చెప్పిందే దాచిపెడుతుంది. మనం చెప్పనిది దానికి తెలియదు. ఇక్కడ మూడు సంగతులు చూడాలి.

మొదటిది కారణం. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. అంటే ప్రతి వందలో 77 మంది ఎందుకు పోయారో డాక్టరు రాసిన కాగితం లేదు. రాసిన చోట కూడా కొన్నిసార్లు “గుండె ఆగిపోయింది” అని రాస్తారు. అలా రాయకూడదని నియమం ఉంది. ఎందుకంటే ఎవరు చనిపోయినా గుండె ఆగుతుంది. అది చావుకు కారణం కాదు, అదే చావు. గుండె ఆగడానికి ముందు ఏ జబ్బు మొదలైంది, దానివల్ల ఏం వచ్చింది అని వరసగా రాయాలి. ఈ రాత సరిగా లేకపోతే అది కాగితం మీద ఉన్నా ఒకటే, కంప్యూటరులో ఉన్నా ఒకటే.

రెండోది ఆడవాళ్ల లెక్క. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో సుమారు 60 శాతం మగవాళ్లవి, 40 శాతమే ఆడవాళ్లవి. మగవాళ్లు తక్కువ వయసులో పోవడం కొంత కారణం. కాని అది మాత్రమే కాదు. ఆడవాళ్ల పేరున ఆస్తి ఉండదు కాబట్టి సర్టిఫికెట్ అవసరం పడదు, అవసరం లేదు కాబట్టి చెప్పరు.

ఇది నేను పుస్తకంలో చదివి నమ్మలేదు, మా ఇంట్లోనే చూశాను. మా కుటుంబం మూడు తరాల కింద నెల్లూరు వైపు నుంచి చెన్నైకి వచ్చింది. ప్రాజెక్టు కోసం ఇంట్లో ఉన్న పాత కాగితాలు చూపించమని అవ్వను అడిగాను. మా ముత్తాత మరణ సర్టిఫికెట్ ఉంది. పసుపు రంగుకు తిరిగి, మడతల దగ్గర చిరిగిన కాగితం. ముత్తవ్వది ఏదీ అన్నాను. అవ్వ నన్ను వింతగా చూసింది.

“ఆమె పేరున ఇల్లుందా, పొలముందా? ఆ కాగితం ఎవరడగతారే?” అంది.

“నువ్వు అడగలేదా అవ్వా?”

“మాయమ్మ పోయిన బాధలో వుంటే కాగితం సంగతి ఎవరు తలుస్తారు? మగోళ్లు చూసుకోవాల. వాళ్లకి పని పడలా, చూడలా.”

మా ముత్తవ్వ ఇడ్లీలు అమ్మి ఐదుగురు పిల్లల్ని పెంచింది. ఆమె ఏ సంవత్సరంలో పోయిందో మా ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెప్తున్నారు. “వరదలొచ్చిన ఏడు” అని అవ్వ, “కాదు, దాని ముందు ఏడు” అని మా నాయన. తద్దినం తిథి మాత్రం అందరికీ తెలుసు. అవ్వ ప్రతి సంవత్సరం మర్చిపోకుండా వంట చేసి ఆకు వేస్తుంది. ఇంట్లో ఆమెకు స్థానం ఉంది, నగరం లెక్కలో లేదు. ఎంత మంచి కంప్యూటరు పెట్టినా వెతికితే ఆమె పేరు దొరకదు. సంవత్సరం దాటిన మరణాన్ని నమోదు చేయాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలని చట్టంలో చదివి నాయనకు చెప్పాను. “ఇన్నేళ్లకి ఎందుకమ్మా?” అన్నాడు. నాకు వెంటనే జవాబు రాలేదు. ఈ వ్యాసమే జవాబు అనుకోవాలి.

మన పేర్లు, తమిళ అక్షరాలు

మూడో సంగతి చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్లకు బాగా తెలిసిందే. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకే అక్షరం. ప, ఫ, బ, భ కూడా అంతే. కాబట్టి భాగ్యమ్మ అనే పేరు తమిళంలో రాసి మళ్లీ అక్షరం అక్షరం చదివితే పాక్కియమ్మ అవుతుంది. గోవిందు కోవిందు కావచ్చు. తమిళం మీద ఇది ఫిర్యాదు కాదు, ఆ లిపి పద్ధతి అది. తమిళం తెలిసినవాళ్లు సందర్భం చూసి సరిగ్గానే పలుకుతారు.

ఇంటిపేరు ఇంకో చిక్కు. మనకు పేరు ముందు పొడి అక్షరం ఇంటిపేరుది. ఇక్కడ అందరికీ తండ్రి పేరుది, పెళ్లయిన ఆడవాళ్లకు చాలాసార్లు భర్త పేరుది. మన ఇళ్లలో ఒకే మనిషికి రేషన్ కార్డులో ఒక అక్షరం, బ్యాంకు పుస్తకంలో ఇంకో అక్షరం ఉండటం మామూలే. కాగితం కాలంలో గుమాస్తా ముందు నిలబడి “ఇద్దరూ ఒక్కరేనండీ” అని చెప్పి, తెలిసినవాళ్లతో సాక్ష్యం చెప్పించే వీలుండేది. కంప్యూటరులో వెతికేటప్పుడు అక్షరం మారితే ఆ మనిషి దొరకడు. కాగితం కంటే కంప్యూటరు కచ్చితమైనది. అందుకే మొదటిసారి చెప్పేటప్పుడు మనం కూడా కచ్చితంగా ఉండాలి.

తప్పు పడితే

ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలో లాల్ బిహారీ అనే ఆయన కథ చాలామంది విని ఉంటారు. 1970లలో భూమి కోసం బంధువులు ఆయన చనిపోయినట్టు రెవెన్యూ రికార్డుల్లో రాయించారు. బతికున్న మనిషి తాను బతికున్నానని నిరూపించుకోవడానికి 1994 దాకా పోరాడాల్సి వచ్చింది. ఎన్నికల్లో కూడా పోటీ చేశాడు. తనలాంటి వాళ్లందరితో “మృతక్ సంఘ్”, అంటే చనిపోయినవాళ్ల సంఘం పెట్టాడు. వింటే నవ్వొస్తుంది, కాని ఆయనకు అన్ని సంవత్సరాలు పోయాయి. అది మరణాల రిజిస్టరు కాదు, భూమి రికార్డు. అయినా ఒక గుమాస్తా రాత ఎంత బలమైనదో అది చూపిస్తుంది.

ఇప్పుడు ఆ రాత ఒక ఆఫీసులో ఆగదు. 2025లో ఆధార్ సంస్థ మరణాల రికార్డులతో పోల్చి చూసి కోటికి పైగా ఆధార్ నంబర్లను నిలిపివేసింది. ఇది మంచిదే. చనిపోయినవాళ్ల పేరుతో పెన్షను, రేషన్ ఎవరో తీసుకోకుండా ఉంటుంది. కాని ఒక్క అంకె తప్పుగా కొడితే బతికున్న మనిషికి అన్నీ ఆగిపోయే ప్రమాదమూ ఉంది. కాగితం మీద తప్పు ఆ పుస్తకంలోనే ఉండేది. కంప్యూటరులో తప్పు ఒప్పుతో సమానంగా పరుగెత్తుతుంది. అందుకే ఆ పాత నియమం, చెరపకుండా పక్కన రాసి తేదీ వేసే నియమం, కంప్యూటరులో కూడా ఉండాలని నా అభిప్రాయం. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అనేది మామూలు మనిషికి కూడా కనిపించాలి. దిద్దించుకోవడానికి ఎక్కడికి వెళ్లాలో చదువు రానివాళ్లకు కూడా తెలియాలి.

ముగింపు

చర్చి పుస్తకం నుంచి గ్రామాధికారి పుస్తకానికి, అక్కడి నుంచి కార్పొరేషన్ రిజిస్టరుకు, ఇప్పుడు కంప్యూటరుకు లెక్క మారుతూ వచ్చింది. ప్రతి మార్పులోనూ లెక్కలోకి వచ్చే మనుషులు పెరిగారు. వేగం కూడా పెరిగింది. కాని ఈ మూడు వందల ఏళ్లలో ఒక్క పని మారలేదు. ఎవరో ఒకరు ముందుకు వచ్చి “ఈ మనిషి ఉండేది, ఇదీ ఆమె పేరు, ఈ రోజున పోయింది” అని చెప్పాలి. యంత్రం ఆ తరువాతే పని మొదలుపెడుతుంది.

తల్లిదండ్రులకు నా మనవి. ఇంట్లో ఎవరైనా పోతే 21 రోజుల్లో నమోదు చేయించండి. గడువులోపు అయితే మొదటి సర్టిఫికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. ఆస్తి ఉందా లేదా అని చూడకండి. అవ్వలకు, అమ్మలకు, పసిపిల్లలకు కూడా చేయించండి. ఫారం ఇచ్చే ముందు పేరు తమిళంలో, ఇంగ్లీషులో ఎలా రాశారో చదవగలిగిన పిల్లలతో ఒకసారి చదివించుకోండి. మేం మూడు భాషలు నేర్చుకుంటున్నాం కదా, ఆ చదువు ఇంటికి ఇలా ఉపయోగపడుతుంది.

స్నేహితులకు ఇంకో మాట. మీ ఇంట్లో పాత మరణ సర్టిఫికెట్లు ఏవేవి ఉన్నాయో అడిగి చూడండి. ఎవరివి ఉన్నాయో రాసుకోండి. ఎవరివి లేవో కూడా రాసుకోండి. మా ఇంటి పట్టీలో రెండో వరస పెద్దగా ఉంది, అందులో మగవాళ్ల పేర్లు రెండే. ముత్తవ్వ పోయిన సంవత్సరం ఏదో తేల్చడానికి, నెల్లూరు వైపు మిగిలిన మా పెద్దవాళ్లను సెలవుల్లో వెళ్లి అడుగుదామని నాయన ఒప్పుకున్నాడు.